ఒకే దస్తావేజు, ఒక మిషన్‌లో 6 పేజీలు, పక్క మిషన్‌లో 7: లిబ్రేఆఫీస్ సెట్టింగ్స్ మీద ఒక కేస్ స్టడీ

మా టౌన్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురు వరసలో ఒక దస్తావేజు లేఖరి గారి ఆఫీసు ఉంది. నాలుగు కంప్యూటర్లు, రెండు లేజర్ ప్రింటర్లు, మూలన ఒక పాత డాట్ మ్యాట్రిక్స్, దాని మీద ఇప్పుడు కాయితాల కట్టలు పెట్టుకుంటున్నారు. నేను ఆ వీధిలో సిస్టమ్ సర్వీసు చేస్తా, విండోస్ వేయడం, టోనర్ మార్చడం, నెట్ రాకపోతే చూడటం, ఇలాంటివి. ఒకరోజు పొద్దున్నే లేఖరి గారు ఫోన్ చేసి "ఏవండీ, ఒకసారి రావాలండి, కంప్యూటర్లు నాలుగూ నాలుగు దారుల్లో పోతన్నాయండి" అన్నారు. వైరస్ ఏమో అనుకుని పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్ళా. వైరస్ కాదు, లిబ్రేఆఫీస్ రైటర్లో (వర్డ్ లాంటి ఉచిత టైపింగ్ సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్. ఒక పూటలో అయిపోద్దిలే అనుకున్నది రెండు రోజులు పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, ఇలాంటి ఆఫీసులకి సర్వీసు చేసేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తది.

ముందు ఒక మాట, అక్కడ స్టాఫ్ ఆయన్ని రైటర్ గారు అంటారు, సాఫ్ట్‌వేర్ పేరు కూడా రైటరే, "రైటర్ మళ్ళీ హ్యాంగయ్యిందండి" అని ఒక ఆపరేటర్ అంటే ఆయన లోపల్నుంచి తొంగి చూసేవారు. అందుకని ఇక్కడ ఆయన్ని లేఖరి గారనే అంటా.

కంప్లయింట్లు ఏంటంటే, ఒకటో మిషన్‌లో టైప్ చేసిన క్రయ దస్తావేజు 6 పేజీలు వస్తే అదే ఫైలు మూడో మిషన్‌లో తెరిస్తే 7 పేజీలు అవుతుంది, ఏడో పేజీలో సాక్షుల సంతకాల దగ్గర రెండే రెండు లైన్లు. పేజీపేజీకీ సంతకాలు పెట్టాల్సిన కాయితం, పార్టీలు బెంచీ మీద కూర్చుని టోకెన్ కోసం చూస్తుంటే ఇక్కడ పేజీలు పెరిగితే ఎలా ఉంటదో చెప్పక్కర్లేదు. రెండోది, తెలుగు అక్షరాలు చిన్నగా ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా వస్తున్నాయి, సైజు మార్చినా సరిగ్గా మారట్లేదు. మూడోది అసలు భయపెట్టినది, షెడ్యూల్ టేబుల్లో సర్వే నంబరు 1/2 అని కొడితే ½ అయిపోయింది, దాన్ని చూసుకోకుండా ప్రింట్ తీశారు, సంతకాల ముందు పార్టీయే పట్టుకున్నాడు, "ఇదేంటండీ నా పొలం అర సర్వే నంబరా" అని.

వెళ్ళి చూస్తే ప్రతి మిషన్‌లోనూ ఎవరికి తోచినట్టు వాళ్ళు సెట్టింగ్స్ మార్చుకున్నారు. తప్పులేదు, కష్టం వచ్చినప్పుడు మెనూల్లోకి వెళ్ళి కనబడిన టిక్ తీసి చూడటం అందరం చేసేదే. కాకపోతే లిబ్రేఆఫీస్‌లో ఒక చిక్కు ఉంది, నాకు కూడా ఈ కేసు అయ్యేదాకా పూర్తిగా అర్థం కాలేదు. టూల్స్ మెనూలో ఆప్షన్స్ (ఆల్ట్ ఎఫ్12 కొట్టినా వస్తది) అని ఒక పెద్ద డబ్బా తెరుచుకుంటది, అందులో మార్చినవన్నీ ఆ కంప్యూటర్‌కి అంటుకుంటాయి అనుకుంటాం కదా, అలా కాదు. కొన్ని ప్రోగ్రామ్‌కి అంటుకుంటాయి, కొన్ని అప్పుడు తెరిచి ఉన్న ఫైలుకి మాత్రమే అంటుకుంటాయి, కొన్ని అసలు ఆ డబ్బాలోనే ఉండవు, ఫైలు లోపల స్టైల్స్‌లో (పేరా, పేజీ రూపాన్ని ఒక పేరుతో రాసిపెట్టుకునే చోటు) ఉంటాయి, ఇంకొన్ని టెంప్లేట్‌లో (కొత్త ఫైళ్ళు పుట్టే ఖాళీ నమూనా) ఉంటాయి. ఏది ఎక్కడ ఉంటదో తెలియకుండా మార్చుకుంటూ పోతే ఈరోజు బాగయినట్టే ఉండి రేపు కొత్త ఫైలు తెరవగానే మళ్ళీ మొదటికొస్తది. "నిన్న సెట్ చేశానండి, రాత్రి దానంతటదే మారిపోయింది" అని పెద్ద ఆపరేటర్ అన్నాడు, దానంతటదేమీ మారలేదు, అతను నిన్న మార్చింది ఒక్క ఫైలుకే.

పేజీల గొడవ నుంచి మొదలుపెట్టా, ఎందుకంటే దానికి రెండు కారణాలు కలిసి ఉన్నాయి.

మొదటిది ఫాంటు. వాళ్ళ పాత దస్తావేజులన్నీ గౌతమి ఫాంట్లో ఉన్నాయి. గౌతమి విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉంది, విండోస్ 7లో వాణి కూడా వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ వచ్చింది. విండోస్ 10కి వచ్చేసరికి గౌతమి, వాణి రెండింటినీ మైక్రోసాఫ్ట్ వాడు పక్కన పెట్టాడు, సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని విడిగా దించుకోవాలి. ఒకటో మిషన్ విండోస్ 7 నుంచి అప్‌గ్రేడ్ చేసింది, దాంట్లో గౌతమి ఉంది. మూడో మిషన్ ఆ మధ్య కొత్తగా విండోస్ వేసింది (వేసింది నేనే, అది వేరే సంగతి), దాంట్లో లేదు. లేనప్పుడు రైటర్ ఎర్రర్ ఏమీ ఇవ్వదు, ఉన్న వేరే తెలుగు ఫాంట్‌తో చూపించేస్తది. ఫాంట్ పేరు డబ్బాలో మాత్రం గౌతమి అనే ఉంటది, కాస్త వాలుగా, ఇటాలిక్‌లో. ఆ వాలు చూసి పట్టుకోవాలి. ఒక్కో ఫాంట్‌కి లైను ఎత్తు ఒక్కోలా ఉంటది, తెలుగుకి వత్తులు కిందకి గుడులు పైకి ఉంటాయి కాబట్టి ఈ తేడా ఇంగ్లీషులో కంటే బాగా ఎక్కువ కనబడతది, అక్షరాల వెడల్పులు కూడా వేరు. పేజీకి ఒకటి రెండు లైన్లు తేడా వస్తే ఆరు పేజీల చివరికి ఇంకో పేజీ పుట్టేస్తది.

ఇక్కడ రెండు దారులు. ఆప్షన్స్‌లో లిబ్రేఆఫీస్ కింద ఫాంట్స్ అని ఉంటది, అందులో రీప్లేస్‌మెంట్ టేబుల్ ఉంది, "గౌతమి అని ఉన్నచోట ఫలానాది వాడు" అని రాసి పెట్టొచ్చు, ఫైలు మారదు, ఆ మిషన్‌లో చూపించడం మాత్రం మారుతుంది. నేను అది పెట్టలేదు, ఎందుకంటే దానివల్ల పేజీల తేడా పోదు, ఏ ఫాంట్‌తో తేడా వస్తుందో మనం ఎంచుకున్నట్టు అవుతుంది అంతే. నాలుగు మిషన్లలోనూ సప్లిమెంటల్ ఫాంట్స్ దించేశా, పాత ఫైళ్ళు పాతలాగే వస్తాయి. కొత్త ఫైళ్ళకి మాత్రం నిర్మల యూఐ పెడదాం అన్నా, బయట ఏ విండోస్ మిషన్ అయినా 8 నుంచి ఇటువైపుది అయితే దాంట్లో ఉంటది, వకీలు గారి ఆఫీసుకి ఫైలు పంపినా చెదరదు. లేఖరి గారికి నచ్చలేదు, "మరీ సన్నగా ఉందండి, ముసలాళ్ళు చదువుకోవద్దాండి" అన్నారు. మండలి ఫాంట్ చూపిస్తే నచ్చింది, అది ఊరికే దొరికే ఫాంటే, కానీ వకీలు గారి మిషన్‌లో ఉండదు కదా. చివరికి నిర్మలనే పెట్టి సైజు ఒక పాయింట్ పెంచాం.

రెండో కారణం ఫాంట్లు వేసేశాక బయటపడింది. ఫాంట్ ఒకటే అయినా ఒకే ఒక్క ఫైలు ఇంకా అర లైను తేడాగా వస్తుంది. ఆప్షన్స్‌లో లిబ్రేఆఫీస్ రైటర్ కింద కంపాటిబిలిటీ అని ఉంది, అందులో "ప్రింటర్ మెట్రిక్స్ వాడు" అనే టిక్ ఒకటి. అది ఉంటే రైటర్ లైన్లు పేర్చేటప్పుడు ఆ మిషన్‌కి తగిలించిన ప్రింటర్‌ని అడిగి దాని కొలతల ప్రకారం పేరుస్తది. ఈ ఆఫీసులో రెండు కంపెనీల ప్రింటర్లు, ఒకటో మిషన్‌కి ఒకటి, మూడోదానికి ఇంకోటి. ఆ ఫైలు ఎక్కడో వర్డ్ నుంచి వచ్చిన పాతది, దాంట్లో టిక్ ఉంది, మిగతావాటిలో లేదు. ఇదే ఇందాక చెప్పిన ఉచ్చు. ఈ టిక్ ఆప్షన్స్‌లోనే ఉంటది, కంప్యూటర్ సెట్టింగ్ లాగానే కనబడుతది, కానీ అది ఆ ఫైలుకి మాత్రమే చెందింది. కింద యూజ్ యాజ్ డిఫాల్ట్ అని ఒక బటన్ ఉంది, అది నొక్కితేనే తర్వాత పుట్టే కొత్త ఫైళ్ళకి కూడా వర్తిస్తది. పాత ఫైళ్ళకి ఏ ఫైలుకి ఆ ఫైలు తెరిచి తీసుకోవాల్సిందే.

ఇప్పుడు సైజు సంగతి, నా దృష్టిలో తెలుగు టైప్ చేసేవాళ్ళందరికీ ముందు చెప్పాల్సింది ఇది. రైటర్లో ప్రతి అక్షరానికీ ఒక ఫాంట్ కాదు, మూడు ఫాంట్లు రాసి ఉంటాయి. ఇంగ్లీషుకి ఒకటి (వెస్ట్రన్ అంటాడు), చైనా జపాన్ లిపులకి ఒకటి (ఏషియన్ అంటాడు), మనలాంటి లిపులకి, అరబ్బీకి, థాయ్‌కి ఒకటి (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, పొట్టిగా సీటీఎల్). మనం ఆసియాలోనే ఉన్నా రైటర్ లెక్కలో మనం ఏషియన్ కాదు, కాంప్లెక్స్. చాలామంది ఏషియన్ టిక్ పెట్టి ఫాంట్ అక్కడ మార్చి "తెలుగు మారట్లేదు" అని కూర్చుంటారు, రెండో మిషన్‌లో అమ్మాయి సరిగ్గా ఇదే చేసింది.

టూల్‌బార్‌లో సైజు 14 అని మారిస్తే, కర్సర్ తెలుగులో ఉంటే తెలుగు సైజు మారుతుంది, ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషుది మారుతుంది. కర్సర్ పెట్టి 14 చేసి టైప్ చేస్తూ పోతే మధ్యలో ఒక ఇంగ్లీషు పేరు వచ్చినప్పుడు అది 12లో వస్తది, దాన్ని మార్చి ముందుకెళ్తే మళ్ళీ తెలుగు వేరేగా. ఇక అంకెల సంగతి ఇంకా తమాషా. అంకెలు ఏ లిపికీ సొంతం కాదు, వాటికి ముందున్న అక్షరం ఏ లిపిదైతే దాని వెంట పోతాయి. "సర్వే నెం. 145" అని తెలుగులో రాస్తే ఆ 145 తెలుగు ఫాంట్‌లో తెలుగు సైజులో వస్తది, "ఆర్‌.ఎస్‌. నెం." అన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి 145 కొడితే ఇంగ్లీషు ఫాంట్‌లో వస్తది. ఒకే లైన్లో రెండు 145లు పక్కపక్కన పెట్టి చూపించా, ఒకటి లావుగా ఒకటి పొట్టిగా. ఆ అమ్మాయి "అంటే ఇన్నాళ్ళూ నా కళ్ళకే ఏదో అయిందనుకున్నా సార్" అంది.

చేసింది ఏంటంటే, ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ కింద జనరల్‌లోకి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టి దాని పక్కన డిఫాల్ట్ భాష తెలుగు ఇచ్చా, ఇంగ్లీషుకి యూఎస్ఏ తీసి ఇండియా ఇచ్చా. ఈ టిక్ పెట్టాకే ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ డబ్బా తెరిస్తే తెలుగు ఫాంట్‌కి విడిగా గడి కనబడుతుంది, అప్పటిదాకా దాక్కునే ఉంటది. లొకేల్ కూడా ఇంగ్లీష్ ఇండియా చేశా, దానివల్ల రూపాయి గుర్తు, క్యాల్క్‌లో (లిబ్రేఆఫీస్‌లో ఎక్సెల్ లాంటిది) లక్షల దగ్గర కామా మన పద్ధతిలో పడతాయి. అక్కడే ఇంకో చిన్న టిక్ ఉంటది, "ఈ డాక్యుమెంట్‌కి మాత్రమే" అని, అది ఉంటే ఇచ్చిన డిఫాల్ట్ భాషలు ఆ ఒక్క ఫైలుకే. పెద్ద ఆపరేటర్ మిషన్‌లో ఆ టిక్ ఉంది. "రాత్రి మారిపోవడం" అంటే ఇదే.

తర్వాత సర్వే నంబరు. ఇది రెండు మిషన్లలో రెండు రకాలుగా పాడైంది, పైకి ఒకే జబ్బులా కనబడింది, లోపల వేరు వేరు. ఒకదాంట్లో 1/2 కాస్తా ½ అవుతుంది, అది ఆటోకరెక్ట్, అంటే టైప్ చేస్తుంటే దానంతటదే దిద్దేది. టూల్స్ మెనూలో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ అని విడిగా ఉంటది, పెద్ద ఆప్షన్స్ డబ్బాలో ఎంత వెతికినా ఇది దొరకదు. అందులో రీప్లేస్ పట్టీలో ఇంగ్లీష్ యూఎస్ఏ భాషకి ½, ¼, ¾ మూడూ రాసి ఉన్నాయి. తెలుగు వాక్యం మధ్యలో కొట్టినప్పుడు ఆ పట్టీ పట్టించుకోదు, కానీ షెడ్యూల్ టేబుల్లో ఖాళీ గడిలో ఒంటరిగా 1/2 కొడితే ముందు తెలుగు అక్షరం లేదు కదా, ఆ గడి ఇంగ్లీషు యూఎస్ఏ కింద లెక్క, స్పేస్ కొట్టగానే మార్చేసింది. అందుకే ఒక్కోసారి మారుతుంది ఒక్కోసారి మారదు, వాళ్ళకి అది దయ్యం పట్టినట్టుంది.

ఇంకో మిషన్‌లో 12/3 అని కొడితే అది మార్చి 12వ తేదీ అయిపోయి గడిలో కుడివైపుకి జరిగి కూర్చుంది. అది ఆటోకరెక్ట్ కాదు, టేబుల్లో నంబర్ రికగ్నిషన్. ఆప్షన్స్‌లో రైటర్ కింద టేబుల్‌లో ఆ టిక్ ఉంది, ఎవరో ఎప్పుడో పెట్టారు, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు, డోర్ నంబర్లు, దస్తావేజు నంబర్లు అన్నిట్లోనూ గీతలు ఉండే ఊరు మనది, ఇక్కడ ఆ టిక్ ఉండకూడదు, అంతే. 145/1 - 2 అని గీతకి అటూ ఇటూ ఖాళీ ఇచ్చి కొడితే గీత పొడుగైపోయేది కూడా ఒకటుంది, రీప్లేస్ డ్యాషెస్ అని, అదీ తీసేశా. పొడుగు గీత ప్రింట్‌లో పెద్ద నష్టమేం కాదు గానీ తర్వాత ఫైళ్ళలో ఆ నంబర్ వెతికితే దొరకదు, మామూలు గీతతో వెతుకుతాం కదా.

ఆటోకరెక్ట్ దగ్గరే పెద్ద ఆపరేటర్ ఇంకో సంగతి చెప్పాడు, అది నాకు తట్టలేదు. అతను పేజ్‌మేకర్ (పాత డీటీపీ సాఫ్ట్‌వేర్) కాలం నుంచి ఉన్నవాడు, పెళ్ళి కార్డులు కూడా చేస్తాడు, ఇప్పటికీ అను ఫాంట్ల ఫైళ్ళు అతని దగ్గర వందల్లో ఉన్నాయి. అలాంటి ఫాంట్లలో కళ్ళకి తెలుగు కనబడినా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడ్లే. ఆ మ్యాటర్ రైటర్లో పెట్టి కాస్త సవరించబోతే, వాక్యం మొదట్లో అక్షరం పెద్దది చేసే ఆటోకరెక్ట్ వచ్చి చిన్నక్షరాన్ని పెద్దక్షరం చేస్తది, ఇంగ్లీషులో అయితే ఏం కాదు, అను ఫాంట్‌లో చిన్నక్షరం ఒక తెలుగు ముక్క, పెద్దక్షరం వేరే ముక్క, మాటే మారిపోతది. "అందుకే నేను మొత్తం తీసేస్తానండి, ఒక్కటీ ఉంచను" అన్నాడు. అతను ఇరవై ఏళ్ళుగా అన్నీ పీకేస్తుంటే పిచ్చి అలవాటు అనుకున్నా, దాని వెనక ఇంత కథ ఉందని తెలీదు. అతని మిషన్‌లో అన్నీ తీసేసే ఉంచా.

పవర్ సంగతికి వస్తే, ఎండాకాలం వస్తే అక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, యూపీఎస్‌లు ఉన్నాయి గానీ బ్యాటరీలు నిలబడేది రెండు నిమిషాలే. లోడ్/సేవ్ కింద జనరల్‌లో ఆటోరికవరీ (మిషన్ ఆగిపోతే ఫైలు తిరిగి తెచ్చుకోడానికి దాచేది) ఎన్ని నిమిషాలకని ఉంటది, మామూలుగా 10, నేను 3 చేశా. పక్కనే ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ, ఇది వేరే, సేవ్ కొట్టినప్పుడల్లా అంతకుముందు ఉన్న రూపాన్ని బ్యాకప్ ఫోల్డర్లో పెడుతుంది. 2024లో వచ్చిన 24.2 నుంచి ఈ రెండూ ముందే ఆన్‌లో వస్తున్నాయి, ఇక్కడ రెండు మిషన్లలో 7 సిరీస్ పాత వెర్షన్ ఉంది, వాటిలో బ్యాకప్ ఆన్‌లో లేదు. అదే చోట ఇంకో టిక్, డాక్యుమెంట్‌నే ఆటోమేటిక్‌గా సేవ్ చెయ్యి అని. అది చూసి లేఖరి గారు "ఇది పెట్టెయ్యండి, ఇంకేం కావాలండి" అన్నారు. పెట్టొద్దన్నా.

ఎందుకంటే వాళ్ళు పనిచేసే పద్ధతి ఏంటంటే, కొత్త పార్టీ రాగానే పాత పార్టీ దస్తావేజు తెరుస్తారు, పేర్లు, హద్దులు, సెంట్లు మార్చుతారు, తర్వాత సేవ్ యాజ్. పేర్లు మారుస్తుండగానే ఆ టిక్ తనంతట తాను సేవ్ చేసేస్తే పాత పార్టీ దస్తావేజు పోయినట్టే. అసలు అలా పాతదాని మీద రాయడమే నాకు భయం, ఒక చోట పాత పేరు మిగిలిపోతే? మిగిలిపోయిందట కూడా, ఒకసారి కాదు. అందుకని ఈ కేసులో సెట్టింగ్స్ కన్నా ఎక్కువ మేలు చేసింది టెంప్లేట్లే అని నా అభిప్రాయం. క్రయ దస్తావేజు, దాన సెటిల్‌మెంట్, భాగ పరిష్కారం, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), నాలుగు రకాలకి నాలుగు ఖాళీ నమూనాలు చేసి ఫైల్ మెనూలో టెంప్లేట్స్ దగ్గర సేవ్ యాజ్ టెంప్లేట్ చేశాం. డబుల్ క్లిక్ చేస్తే పేరు లేని కొత్త ఫైలు వస్తది, పాతది చెడిపోయే సమస్యే లేదు. తెలుగు ఇంగ్లీషు రెండు ఫాంట్లూ రెండు సైజులూ టెంప్లేట్‌లోని డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేశా. ఒకటి గుర్తుంచుకోవాలి, సొంత టెంప్లేట్‌ని డిఫాల్ట్ చేసుకున్నాక ఆప్షన్స్‌లో బేసిక్ ఫాంట్స్ ఎంత మార్చినా కొత్త ఫైళ్ళలో కనబడదు, టెంప్లేట్ మాటే నెగ్గుతది.

స్టాంపు పేపరు మొదటి పేజీ కూడా అక్కడే కుదిర్చాం. మొదటి షీటు మీద పైభాగమంతా స్టాంపు ముద్రే కదా, మ్యాటర్ కింద నుంచి మొదలవ్వాలి. ఇన్నాళ్ళూ ఎంటర్ కొట్టుకుంటూ కిందికి దింపేవాళ్ళు, లెక్కపెట్టా, 19 ఎంటర్లు. ఇప్పుడు ఫస్ట్ పేజ్ అనే పేజ్ స్టైల్‌కి పై మార్జిన్ పెద్దది ఇచ్చి తర్వాతి పేజీ మామూలు స్టైల్‌కి పోయేలా పెట్టాం. స్కేలు పెట్టి కొలిచేది అంగుళాల్లో, రైటర్ అడిగేది సెంటీమీటర్లలో, కొలత యూనిట్ రైటర్ కింద జనరల్‌లో మార్చేశా, మార్చకపోయినా గడిలో అంగుళం గుర్తుతో కొడితే అదే లెక్కేసుకుంటది. ఇక్కడే నేను ఒక తప్పు చేశా. రెండో పేజీ నుంచి నంబర్ 1 అని మొదలవ్వాలని లేఖరి గారు అంటే అలాగే పెట్టా, ప్రింట్ ఇస్తే మధ్యలో ఒక ఖాళీ షీటు బయటికొచ్చింది. స్క్రీన్ మీద ఖాళీ పేజీ లేదు, కాయితం మీద ఉంది. మొదటి పేజీ బేసి సంఖ్య, రెండోదీ 1 అంటే మళ్ళీ బేసి, పుస్తకంలో రెండు కుడి పేజీలు వరసగా ఉండవు కదా, అందుకని రైటర్ మధ్యలో ఒక ఎడమ పేజీ పెట్టేస్తది. రైటర్ కింద ప్రింట్‌లో ఆటోమేటిక్‌గా చొప్పించిన ఖాళీ పేజీలు ప్రింట్ చెయ్యి అనే టిక్ తీసేస్తే ఆగింది. ఆ ఒక్క షీటు లెడ్జర్ పేపరు పోయింది, లేఖరి గారు ఏమీ అనలేదు, తీసి జాగ్రత్తగా మడిచి రఫ్ కాయితాల్లో పెట్టుకున్నారు.

స్పెల్ చెక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెలుగు నిఘంటువు లిబ్రేఆఫీస్‌తోనే వస్తది గానీ ఇంటిపేర్లు, ఊరి పేర్లు, "వగైరా దఖలు పరచడమైనది" లాంటి దస్తావేజు తెలుగు, అన్నిటికీ ఎర్ర గీతలే, షిఫ్ట్ ఎఫ్7 కొట్టి తీసేశా. మెనూలు తెలుగులో పెట్టొచ్చని సరదాకి చూపించా, ఐదు నిమిషాలు చూసి ముగ్గురూ ముక్తకంఠంతో వద్దన్నారు, ఫైల్, ఎడిట్ అంటేనే చేతికి తెలుస్తుందట. తెలుగు మీద నాకూ అభిమానమే, కానీ వాళ్ళ మాటే కరెక్టు అనిపించింది.

ఒకటో మిషన్‌లో ఇదంతా కుదిరాక మిగతావాటికి చేతితో చెయ్యడం ఎందుకని ప్రొఫైల్ (మన సెట్టింగ్స్ దాచే ఫోల్డర్) లోంచి కాపీ చేశా. విండోస్‌లో యాప్‌డేటా రోమింగ్ లోపల లిబ్రేఆఫీస్, దాని లోపల 4, దాని లోపల యూజర్ అనే ఫోల్డర్ ఉంటది, వెర్షన్ 24 అయినా ఆ ఫోల్డర్ పేరు 4 గానే ఉంది. అందులో రిజిస్ట్రీమాడిఫికేషన్స్ అనే ఎక్స్‌సీయూ ఫైలు, మనం మార్చిన ఆప్షన్స్ దాంట్లో ఉంటాయి. కాపీ చేసేటప్పుడు లిబ్రేఆఫీస్ పూర్తిగా మూసి ఉండాలి, లేకపోతే అది మూసుకుంటూ మూసుకుంటూ మన ఫైలు మీద తన పాతది రాసేస్తది. ముందుగా దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశా, మంచి పనే చేశా, ఒకటో మిషన్‌లో బ్యాకప్ ఫోల్డర్ డీ డ్రైవ్‌కి మార్చి ఉంచా, నాలుగో మిషన్‌కి డీ డ్రైవే లేదు. ఈమధ్య తెరిచిన ఫైళ్ళ జాబితా కూడా దాంట్లోనే ఉంటది, పార్టీల పేర్లతో సహా, అదీ తుడిచి పట్టుకెళ్ళా.

మూడింటిలోనూ ఆ ఒక్క ఫైలు వేసి, బిల్లు రాసుకుని ఇంటికొచ్చేశా. మర్నాడు పొద్దున పది కాకముందే ఫోన్. "సార్, అర వచ్చేసిందండి మళ్ళీ." మూడో మిషన్‌లో 1/2 మళ్ళీ ½. ఒకటో మిషన్‌లో రావట్లేదు. అదే ఫైలు, అదే కాపీ. గంట సేపు ఆప్షన్స్ రెండు మిషన్లలో పక్కపక్కన పెట్టి చూశా, ఒక్క తేడా లేదు. చివరికి తేలింది ఏంటంటే ఆటోకరెక్ట్‌లో టిక్‌లు ఆ ఎక్స్‌సీయూ ఫైల్లో ఉంటాయి గానీ, రీప్లేస్ పట్టీలో నేను తీసేసిన మూడు లైన్లు దాంట్లో ఉండవు, అదే యూజర్ ఫోల్డర్లో ఆటోకార్ అని వేరే ఫోల్డర్, అందులో భాషకి ఒక ఫైలు. ఆటోటెక్స్ట్‌కి (మళ్ళీ మళ్ళీ వాడే పేరాలు దాచుకునేది) ఇంకో ఫోల్డర్, టెంప్లేట్లకి ఇంకోటి. నేను తెచ్చింది ఒక్క ఫైలే. ఇంగ్లీషు ఇండియా అని మార్చాను కదా, ఖాళీ గడి యూఎస్ఏ కింద ఎందుకు లెక్కపడింది అని అనుమానం రావచ్చు, ఆ షెడ్యూల్ ఫైలు పాతది, భాష ఫైల్లోనే యూఎస్ఏ అని రాసి ఉంది, మళ్ళీ అదే కథ. ఈసారి నాలుగు ముక్కలూ కలిపి పట్టుకెళ్ళి అన్ని మిషన్లలో వేశా, కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్నా. హద్దుల పేరా, చివర నిబంధనల పేరా ఆటోటెక్స్ట్‌లో పెట్టి ఎఫ్3 కొడితే వచ్చేలా చేసింది కూడా దీంతోపాటే అన్ని మిషన్లకీ వెళ్ళింది, అమ్మాయిలిద్దరికీ అన్నిటికన్నా అదే నచ్చింది.

నెల దాటింది. పేజీల గొడవ రాలేదు, అర గొడవ రాలేదు. మొన్న ఒక్కసారి మాత్రం 6 పేజీలది 7 వచ్చిందని కబురొచ్చింది, ఏ మిషన్‌లో అంటే ఆఫీసులోవి ఏవీ కావు, లేఖరి గారు రాత్రిళ్ళు ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లో కొంత టైప్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తారట, అసలు అదొకటి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నారు. ఈలోపు ఫోన్లోనే సగం తేల్చేద్దామని "ల్యాప్‌టాప్‌లో గౌతమి ఉందో లేదో ఒకసారి చూసి చెప్తారాండి" అన్నా. అట్నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "గౌతమి రాత్రికి కదండీ, హైదరాబాద్ వెళ్తన్నారా?" అన్నారు.